హుడ్‌వింక్ కింద ఉన్న వాక్యం

ఆ మాట నిఘంటువులోంచి తీసెయ్యండమ్మా, నేనడిగేది అంతే. గోడవార ఆ మూడు డబ్బాల్లో ఉన్నవన్నీ మీరు తీసేసిన మాటల కార్డులే కదా. అన్ని తీసినవారికి ఇంకొక్కటి బరువా? వారం కిందట ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే మీ గుమాస్తా పరిశీలనలో ఉందన్నాడు. ఏమిటి పరిశీలన? అదేమన్నా వంతెనా, కూలుతుందో లేదో చూడ్డానికి?

హుడ్‌వింక్. అదే మాట. పలకబోతే నోరు తిరగదు. ఈ రోజుల్లో ఎవరండీ వాడేది? చీటింగ్ అంటారు, ఫ్రాడ్ అంటారు. మోసాలు పెరిగాయి గానీ వాటికున్న మాటలు తగ్గిపోయాయి. మీ నిఘంటువులోనే దాని పక్కన ‘పాతబడిన మాట’ అని వేసి ఉంది. పాతబడిందని మీరే ఒప్పుకున్నాక ఇంకా మోయడం దేనికి?

కూర్చుంటాలెండి. మంచినీళ్లు వద్దు.

నిజానికి మాటతో నాకు పేచీ లేదమ్మా. దాని కింద ఉదాహరణగా ఒక వాక్యం ఉంది. అదీ నాకు కంపరం.

మీరు ఈ సంపాదకుల కుర్చీలోకి వచ్చి మూడు నెలలేనటగా. మీకు తెలియకపోవచ్చు, అందుకని మొదట్నుంచీ చెబుతాను. ఈ కుర్చీలో మీకు ముందు ముప్ఫై ఏళ్లు కూర్చున్నది మా బావ. మా అక్క భర్త. ఈ ఇంగ్లీషు - తెలుగు నిఘంటువు మొత్తం ఆయన చేతి మీదుగా నడిచింది. బిల్డింగులో అందరూ కార్డులాయన అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఖాళీ కార్డులు, చెవి మీద పెన్సిలు. పోయి రెండేళ్లయింది.

ఆయనకో పట్టుదల. మాటకి అర్థం రాసి, కింద ఉదాహరణ వాక్యం రాయాలి కదా, ఆ వాక్యం జరిగినదే అయుండాలి. కల్పించి రాయడు. ‘పిల్లి చాప మీద కూర్చుంది’ అని రాయాలన్నా, ఏదో ఒక పిల్లి ఏదో ఒక చాప మీద కూర్చోవడం ఆయన కళ్లతో చూసి ఉండాలి. అబద్ధపు వాక్యం కింద నిజమైన అర్థం నిలబడదనేవాడు. ఎవరు అడిగారండీ ఆయన్ని? పదో తరగతి పిల్లలు పరీక్ష ముందురోజు తిరగేసే పుస్తకానికి అంత నిష్ఠ దేనికి?

దానివల్ల ఏమైందంటే, మా కుటుంబమంతా నిఘంటువులోకి ఎక్కి కూర్చుంది. మరి ఆయన చూసేది మమ్మల్నేగా. మొండితనం కింద మా అక్క, కిటికీ మూయనని భీష్మించుకుని తడిసిపోయింది. బట్టతల కింద మా పెద్దమామ. గురక కింద నేను, పక్కింటివాళ్లు గోడ కొట్టారన్న మాట కూడా వదల్లేదు. అసూయ కింద మా ఆవిడ ఉంది, ఏ విషయంలోనో నేను చెప్పను. పేర్లు రాయడు, ‘ఒకామె’, ‘ఒకాయన’ అంటాడు, కానీ మాకు తెలీదా? మొదట్లో నవ్వుకునేవాళ్లం. తరవాత్తరవాత ఆయన చేతిలో పెన్సిలుంటే మా అక్క ఆయనతో మాట్లాడ్డమే మానేసింది. పెన్సిలు కింద పెడితేనే నోరు విప్పేది.

అంచేత ఆ పుస్తకంలో ఏ వాక్యం చూసినా మావాళ్లకి మొదట వచ్చే సందేహం, ఇది ఎవరు అని.

పది రోజుల కిందట మా అమ్మాయి ఫోన్ చేసింది. అది కోర్టు కాగితాలు తెలుగులోకి మార్చే పనిలో ఉంది, ఈ పుస్తకం దాని బల్ల మీదే ఉంటుంది. ‘నాన్నా, హుడ్‌వింక్ కింద మావయ్య రాసింది నీ గురించేనా?’ అంది. చదివి వినిపించింది. తెలుగులో చెప్పుకుంటే ఇదీ: ‘ఒకాయన తన భార్య తమ్ముడి కళ్లకు పంతొమ్మిదేళ్లు గంతలు కట్టాడు, ఆ తమ్ముడు సుఖంగానే ఉన్నాడు.’

మా అక్కకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి.

అమ్మాయి ఫోన్లో అవతల నవ్వుతోంది. ఏం చేశాడు నాన్నా నిన్ను, అని.

ఏం చేశాడో చెబుతాను వినండి. నేను కంపోజిటర్ని. ఈ బిల్డింగులోనే, కింద అంతస్తులో, ఇప్పుడు సైకిళ్లు పెట్టుకుంటున్నారే, అక్కడ. సీసం అక్షరాలు గళ్లల్లోంచి ఒక్కోటీ ఏరి వరస పేర్చడం నా పని. చూడకుండా పేర్చేవాణ్ణి. కంప్యూటర్లొచ్చాయి, సీసం కరిగించి తూకానికి అమ్మేశారు, మమ్మల్ని ఇంటికి పంపారు. అప్పటికి నాకు నలభై ఎనిమిది. ఎనిమిది నెలలు ఇంట్లో గోడ చూస్తూ కూర్చున్నాను. వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు. కంచం అంచున, తలుపు మీద, మంచం కోడు మీద అక్షరాలు ఏరుతూనే ఉండేవి. మా ఆవిడ భయపడి అక్కకి చెప్పింది.

ఆ వారమే బావ ఇంటికొచ్చాడు. నిఘంటువు ప్రూఫులు దిద్దడానికి అక్షరం తెలిసిన కన్ను కావాలి, పైనున్న కుర్రకారుకి తెరమీద చూసి చూసి కామాకి చుక్కకి తేడా తెలియడంలేదు, నువ్వు రావోయ్ అన్నాడు. నేను బెట్టు చేశాను కూడా. రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానన్నాను. ఎంత సిగ్గుచేటో చూడండి.

వెనక మెట్ల పైన చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, ఒక దీపం, సైకిళ్ల వైపు కిటికీ. సోమవారం పొద్దున బావే స్వయంగా ప్రూఫుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. వారమంతా నేను దిద్దేవాణ్ణి. శనివారం దారంతో కట్టేసి ఆయన గది బయట అరలో పెట్టేవాణ్ణి. ‘ఏమోయ్, ఈ వారం మంచి తప్పులు పట్టావు’ అనేవాడు సోమవారం. ఒకటి కాదు రెండు కాదు, పంతొమ్మిదేళ్లు. ఆయన పోయాక వచ్చిన మొదటి సోమవారం, బల్ల ఖాళీ.

ఇప్పుడు అసలు సంగతి. అవి ప్రూఫులు కావమ్మా. అచ్చుకి వెళ్లిపోయిన కాగితాలు. పైన ఎవరో దిద్దేసి, అచ్చు వేసేసి, పుస్తకం కుట్టేశాక మిగిలిన కాపీలు. వాటిని బావ నాకు తెచ్చి ఇచ్చేవాడు, నేను దిద్దేవాణ్ణి. ఆఫీసు రిజిస్టర్లో నా పేరే లేదు. నెలనెలా నాకిచ్చిన కవరు ఆయన జీతంలోంచి తీసిందే. గది కూడా ఎవరికీ అక్కర్లేని సామాన్ల గది.

మీరనుకుంటున్నది నాకర్థమైంది. అన్నేళ్లలో ఒక్కసారైనా అచ్చయిన పుస్తకం తెరిచి చూడలేదా అని. చూడలేదు. మా పనిలో అదొక పట్టింపు. అచ్చయిన పుస్తకం కంపోజిటర్ తెరవడు. తెరిస్తే మొదట కనబడేది తప్పే, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. మా మేస్త్రీ అయితే సొంత కూతురి శుభలేఖ కూడా చదవలేదు.

అమ్మాయి ఫోన్ చేశాకే తెరిచాను. నేను దిద్దినవి ఒక్కటంటే ఒక్కటి అందులోకి ఎక్కలేదు. ఒక్కటీ.

నమ్మించి చేయడమంటే ఇదీ. బయటివాడు చేస్తే పోలీసు దగ్గరకి పోతాం. ఇంటివాడు, అదీ మేలు కోరి చేస్తే ఎవరి దగ్గరకి పోతాం? ఇదిగో, మీ దగ్గరకి వచ్చాను.

ఇంకో సంగతి వినండి, ఇది మరీ రోత. ఆ మాటకి తెలుగు అర్థం ఇచ్చింది నేనే.

ఆయన పోయిన ఏడాది మొదట్లో. ఒకరోజు మధ్యాహ్నం కార్డు పట్టుకుని నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పాత అచ్చులో హుడ్‌వింక్‌కి ‘మోసగించు’ అని ఒక్క ముక్క ఉందట, ఉదాహరణ లేదట, తనకి తృప్తిగా లేదట. మనవాళ్లు మాటల్లో ఏమంటారోయ్ దీన్ని అన్నాడు. నాకు హుషారొచ్చేసింది. బురిడీ కొట్టించడం అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అందులో చేసినవాడు పక్కకెళ్లి నవ్వుకుంటాడు, ఇది అది కాదన్నాడు. టోపీ పెట్టడం అన్నాను. అందులో పెట్టించుకున్నవాడికి ఏదో పోతుంది, ఇందులో వస్తువేమీ పోదు, చూపే పోతుంది అన్నాడు. చెవిలో పువ్వు పెట్టడం అన్నాను. అందులో వాడు వెర్రివాడని అర్థం వస్తుంది, ఇతను వెర్రివాడు కాడు అన్నాడు. బోల్తా కొట్టించడం, మస్కా కొట్టడం, కళ్లల్లో దుమ్ము కొట్టడం, నేను గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉన్నాను. ఇన్ని మాటలున్నాయా మనకి అని ఆశ్చర్యపోయాడు. అవసరం అలాంటిది బావా అన్నాను. నవ్వాడు.

తరవాత నెమ్మదిగా అడిగాడు. ‘చేసేవాడు అయినవాడే. అవతలివాడు తెలివైనవాడే. కళ్లున్నాయి, చూడనివ్వలేదు. దానికేమంటావు?’

‘కళ్లకు గంతలు కట్టడం’ అన్నాను.

రాసుకున్నాడు. ఇంగ్లీషులో కూడా పూర్వం ముసుగు లాగి కళ్లు కప్పడమేనోయ్ దాని మొదటి అర్థం, సరిగ్గా చెప్పావన్నాడు. వాడుక గురించి కూడా చెప్పాడు, పెద్ద నేరాలకి వాడరట, కోర్టులో వాడరట, ఇళ్లల్లో, స్నేహితుల్లో, కాస్త నవ్వుతూ వాడతారట. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వేసేవాడు కాదు.

అంటే నా మోసానికి నా చేతే పేరు పెట్టించుకుని పోయాడన్నమాట. ఛీ.

అక్క దగ్గరకి వెళ్లి అడిగాను. ఆవిడేమీ తొట్రుపడలేదు, కవరు సంగతీ రిజిస్టరు సంగతీ ఆవిడే చెప్పింది. ఆ పేజీకి గుర్తుగా ఎర్ర రిబ్బను పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ తెరిచి చూపిస్తోందట. ‘మీ బావ ఎంత మనసున్నవాడో చూడు, నీ ముందు నువ్వు చిన్నబోకుండా పంతొమ్మిదేళ్లు కాపాడుకొచ్చాడు’ అంది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారట. పక్కింటి లాయరుగారు, పాలవాడు, ఎవరో యోగా టీచరు, అందరికీ మా బావ దేవుడు. మరి నేనెవర్ని? నేను ‘సుఖంగానే ఉన్న’వాణ్ణి. గడ్డి వేస్తే నమిలే గొడ్డుని.

నిన్న మంగలి షాపులో ఒకాయన నన్ను చూసి, మీరేనటగా అని మెత్తగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా మొహానికి అంటుకునే ఉంది, ఎంత కడిగినా పోవడంలేదు.

అదమ్మా కారణం. చాలా?

ఏమిటిది, ఫారమా? మాట తొలగింపు. మాట, పేజీ, కారణం. కారణం రాస్తేనే తీస్తారా? దీని నకలు పాత సంపాదకుడి ఇంటికి వెళ్తుందా, సంతకానికి? అంటే మా అక్కకి. ఆవిడ చదివి ఒప్పుకుంటేనా. ఏం రూలండీ ఇది, ఎవరు పెట్టారు? బావే పెట్టాడా. ఆయనే పెట్టి ఉంటాడు.

సరే, రాయండి. తమ్ముడి పరువు పోతోంది అని రాయండి. సంతకం పెడుతుందో లేదో ఆవిడిష్టం.

సాక్ష్యమా? నా మాట చాలదా? నేను దిద్దిన కట్టలు కింద బీరువాలో ఉన్నాయా? ఉన్నాయని మీ గుమాస్తాయే అన్నాడుగా ఫోన్లో. తెప్పించండి. ఆ హెచ్ కట్ట తెప్పించండి. హుడ్‌వింక్ పేజీ కూడా నా చేతుల్లోంచే వెళ్లింది. చూడండి, నా గురించి రాసిన వాక్యం పక్కన నేనే కామా పెట్టమని గుర్తు వేసుంటాను. ఎలా చదివి ఊరుకున్నానంటారా? ప్రూఫు దిద్దేవాడు అక్షరం చూస్తాడమ్మా, అర్థం చూడడు. అర్థం చూశాడంటే తప్పు దాటిపోతుంది. అది మా పని.

ఇవేనా. ఎంత దుమ్ము.

ఆ ముడి చూశారా? అది పేజీ ముడి. సీసం అక్షరాల పేజీ చెదిరిపోకుండా దారం చుట్టి, కొస లోపలికి దోపుతాం. కంపోజిటర్ తప్ప ఎవరూ వేయరు. వేసింది నేనే. చూడండి, కదల్లేదు. ఇదీ కదల్లేదు. ఇది కూడా. అన్నీ నేను కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ‘మంచి తప్పులు పట్టావు’ అనేవాడే, విప్పకుండానే అన్నాడన్నమాట. వారం వారం. విప్పినా నేను బాధపడేవాణ్ణి కాదు, కనీసం దారం విప్పి పక్కన పడేసినా.

విప్పుతారా? కొస పట్టి లాగండి, అంతే వస్తుంది.

నెమ్మదిగా తిప్పండి, కాగితాలు పెళుసెక్కాయి. అదిగో హుడ్‌వింక్. కామా గుర్తుందా? చెప్పానా.

ఏమిటి లెక్కపెడుతున్నారు?

మూడు. అవును, ఈ పేజీలో మూడు. పక్కది? మూడే. అలా తిప్పుకుంటూ పోకండి. ఒకోసారి అలా కుదురుతుంది. ఆ కట్ట ఎందుకు విప్పుతున్నారు, అది వేరే అక్షరం. దాంట్లో కూడా మూడేసి ఉన్నాయంటారా.

మీకు కళ్లున్నాయమ్మా. ఎక్కడ దొరికారు వీళ్లకి మీరు.

పేజీకి మూడు. అంతకు మించి పెడితే కంపోజ్ చేసినవాడి ఉద్యోగానికి ముప్పు, తక్కువ పెడితే దిద్దినవాడి ఉద్యోగానికి. మూడు మర్యాదగా ఉంటుంది. కామా ఉన్నచోట తీసెయ్యమని ఒకటి, లేనిచోట పెట్టమని ఒకటి, అక్షరం విరిగిందని ఒకటి. విరగలేదు. ఒక్కటీ తప్పు కాదు. అవన్నీ అచ్చులోకి ఎక్కి ఉంటే మీ పుస్తకం అప్పడంలా ముక్కలైపోయేది. ఎక్కకపోవడమే మంచిదైంది.

మొదట్నుంచీ కాదు. మొదటి రెండేళ్లు నిజంగా చదివాను, భూతద్దం పెట్టి. ఒక్క తప్పూ దొరికేది కాదు. పేజీలకి పేజీలు, తుడిచిన అద్దంలా ఉండేవి. ఏ ప్రూఫైనా అలా ఉంటుందా? ముప్ఫై ఏళ్లు అక్షరాల్లో బతికినవాణ్ణి, నాకు తెలీదా? నేను పేర్చిన పేజీలోనే పది తప్పులుండేవి. తప్పు దొరక్క భయం వేసింది. ఖాళీ కట్ట ఎలా ఇస్తాను? అందుకని గుర్తులు పెట్టడం మొదలెట్టాను.

మూడో ఏడు, వాన రోజు. దారం అయిపోతే స్టోర్ గదికి వెళ్లాను. అట్టలు వేసి, ఊళ్లకి పంపడానికి చీటీలంటించి, నిఘంటువులు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. అట్ట మీద ముద్రణ సంఖ్య చూశాను, ఆ పొద్దున నా బల్ల మీద పెట్టిన పేజీలు ఆ పుస్తకానివే. పుస్తకం తెరవలేదు. పట్టింపు అని చెప్పానే, అది సగమే నిజం. తెరవక్కర్లేకపోయింది. దారం తీసుకుని, తలుపు వేసి, గదిలోకి వచ్చి కూర్చున్నాను.

అవునమ్మా. తెలుసు. మూడో ఏటి నుంచీ తెలుసు.

ఎందుకు అడగలేదంటారా. తొమ్మిదింటికి సంచీ భుజాన వేసుకుని వీధిలోకి దిగుతుంటే ఎదురైనవాళ్లు ఆఫీసుకా అనేవాళ్లు. అవునండీ అనేవాణ్ణి. అంతే. ఆ రెండు మాటల కోసం పదహారేళ్లు ఊరుకున్నాను.

ఇంకా దరిద్రమేమిటో చెప్పనా? ఆయనకి మోకాళ్ల నెప్పి. వెనక మెట్లు పద్దెనిమిది. వారం వారం ఆ కట్ట గుండెలకి హత్తుకుని, గోడ పట్టుకుని ఎక్కేవాడు. కింద నుంచి అడుగుల చప్పుడు వినబడేది, ఒకటి, ఆగి, ఇంకొకటి. నేను తలుపు తీసి అందుకోవచ్చు. తీసేవాణ్ణి కాదు. పనిలో ఉన్నట్టు తలొంచుకుని కూర్చునేవాణ్ణి. ఒక సోమవారం గంట ఆలస్యమైంది. వారం పని ఎలా సాగుతుంది బావా, ఇలా అయితే నేను చెయ్యలేను అని కసిరాను. నేను కసిరాను ఆయన్ని. తప్పు నాదేనోయ్ అన్నాడు, ఆయాసపడుతూ.

ఆరోజు కార్డు పట్టుకుని వచ్చాడన్నానే. అప్పుడూ తెలుసు. ఆయన ఏ మాట వెతుకుతున్నాడో, ఎవరి గురించి అడుగుతున్నాడో తెలుసు. నాకు చెప్పేద్దామని వచ్చాడమ్మా. మొహం చూస్తే తెలుస్తోంది. నేనేం చేశాను? చెప్పనివ్వలేదు. బురిడీ, టోపీ, మస్కా అని నోరు మూయకుండా వాగాను, ఆయనకి సందు దొరక్కుండా. చెప్పుకోలేక వాక్యం రాసుకున్నాడు.

ఆ వాక్యం అబద్ధం. అందుకే తీసెయ్యమన్నాను. మంగలి షాపులో ఎవడో నవ్వాడని కాదు, పరువని కాదు. కల్పించి ఒక్క ముక్క రాయని మనిషి చేత నేను అబద్ధం రాయించాను. గంతలున్నవి ఆయన కళ్లకి. కట్టింది నేను. తాను గెలిచాననుకునే పోయాడు.

అదే రాస్తారా కారణం గడిలో?

ఉండండి. ఆ కలం ఆపండి ఒక్క నిమిషం.

అది మా అక్కకి వెళ్తుంది కదూ. కళ్లజోడు పెట్టుకుని, ఫారం బల్ల మీద పరిచి, వేలు పెట్టి చదువుతుంది. మోకాళ్ల మీద రాత్రిళ్లు ఆయనకి కాపడం పెట్టింది ఆవిడే. నెలనెలా కవరుకి సర్దినది ఆవిడే. అదంతా ఎందుకు చేశామో తెలుసని ఆ పేజీ చూసుకుని తృప్తిగా బతుకుతోంది. ఇప్పుడు ఆ మనిషికి ఏమని తెలియాలి? నీ తమ్ముడు అన్నీ తెలిసే తిన్నాడు, నీ మొగుణ్ణి తెలిసే మెట్లెక్కించాడు అనా?

వద్దు. చింపెయ్యండి.

చింపకూడదా, రూలా. అయితే కొట్టేసి, అర్జీ వెనక్కి తీసుకున్నాను అని రాయండి. సంతకం ఎక్కడ? ఇక్కడేనా.

వాక్యం ఉండనివ్వండి. మాటా ఉండనివ్వండి, పాతబడినా. మా అక్కకి ఆయన దేవుడు, నేను వెర్రిబాగులవాణ్ణి, ఊళ్లోవాళ్లు చూసి మెత్తగా నవ్వుతారు, నవ్వుకోనివ్వండి. నా మీద నాకు పుట్టే రోత నాకుంటుంది, దానికి ఫారం అక్కర్లేదు కదా.

ఆ కట్టలు మళ్లీ కట్టకండి, ఆ ముడి మీకు రాదు. చెత్తలో పడేయించండి. మీరు విన్నది మీలోనే ఉంచుకోండి. మా అమ్మాయి ఫోన్ చేసి అడిగితే, మీ నాన్నకి ఏమీ తెలియదమ్మా అని చెప్పండి. పదహారేళ్లు తెలియనట్టు బతికినవాణ్ణి, ఇంకో నాలుగేళ్లు బతకలేనా?